జొన్నాడ షెడ్డులో అంబాసిడర్‌కి పాత రంగు!

రాజమండ్రి నుంచి విజయవాడ వైపు హైవే మీద బయల్దేరితే, వేమగిరి దాటాక కడియపులంక నర్సరీలు వస్తాయి. రోడ్డు పక్కన పూలకుండీలు, సెల్ఫీలు, కార్ల బారులు. అక్కడ అందరూ ఆగుతారు. ఇంకాస్త ముందుకెళ్తే గౌతమి మీద బ్రిడ్జి. అది దాటగానే రావులపాలెం, అరటి గెలల మార్కెట్టు, ఆత్రేయపురం పూతరేకుల బోర్డులు. అక్కడా అందరూ ఆగుతారు. ఈ రెండింటికీ మధ్య, సరిగ్గా బ్రిడ్జి ఎక్కేముందు ఉన్న ఊరు జొన్నాడ. ఇక్కడ మాత్రం కార్లు పెద్దగా ఆగవు. ఆగేవి లారీలే.

రాజమండ్రికి పాతిక కిలోమీటర్ల దూరం. ఆలమూరు మండలం. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి ఈ ఊరి పక్క నుంచే పోతుంది. ఒక రోడ్డు ఆలమూరు, మండపేట వైపు తిరుగుతుంది. ఇసుక ట్రాక్టర్లు, ధాన్యం లారీలు, కొబ్బరి లోడ్లు, అరటి లోడ్లు... చక్రాలున్న ప్రతిదీ ఈ సెంటర్ మీదుగా వెళ్లాల్సిందే. ఇన్ని బళ్లు తిరిగేచోట పంచర్ షాపుంటుంది, వెల్డింగ్ షాపుంటుంది, రంగులేసే షెడ్డు కూడా ఉంటుంది. మా అంబాసిడర్‌ని నేను తీసుకెళ్లింది అలాంటి ఒక రేకుల షెడ్డుకే.

అది మా పెదనాన్న కారు. 1982 మోడల్, మార్క్ 4. ఆయన పోయాక రెండేళ్లు ఆలమూరు దగ్గర ఇంటి చావిట్లో కొబ్బరాకుల కింద ఉంది. ఇంజన్ ఇప్పటికీ స్టార్టవుతుంది. ఒంటి మీద రంగే పాడైంది. తెల్ల రంగు సున్నంలా రాలుతోంది, తలుపుల కింద తుప్పు పొక్కులు. ‘ముప్పై వేలిస్తాం, తోలుకుపోతాం’ అని పాత ఇనుము వాళ్లు రెండుసార్లు వచ్చారు. ‘ఉగాది దాకా చూద్దాం’ అంది పెద్దమ్మ. అంటే నా చేతిలో ఉన్నది రెండు నెలలు, ఎనభై వేలు.

రేటులో తేడా ఎక్కడ?

హైదరాబాద్‌లో ఒక గ్యారేజీని అడిగితే లక్షా అరవై వేలు చెప్పారు. జొన్నాడ మేస్త్రిగారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘డెబ్భై అయిదు, ఎనభైలో తేలుద్దండి’ అన్నారు. సగానికి సగం! సహజంగానే అనుమానం వచ్చింది.

ఈ తేడాకి కారణం మోసం కాదు. సిటీలో షెడ్డు అద్దె, ఏసీ రిసెప్షన్, పెయింట్ బూత్. బూత్ అంటే దుమ్ము చొరబడని పెద్ద గది. గాలిని ఫిల్టర్ చేసి లోపలికి పంపుతారు. రంగు కొట్టాక అరవై డిగ్రీల దాకా వేడి పెట్టి ఆరబెడతారు. జొన్నాడ షెడ్డులో అవేవీ లేవు. మూడు వైపుల రేకు, నాలుగో వైపు టార్పాలిన్. ఇక్కడ రంగు ఆరాలంటే ఎండే దిక్కు. దాంతో పనికి ఎక్కువ రోజులు పడుతుంది, దుమ్ము పడితే చేత్తో రుద్ది తీయాలి. మిషన్‌కి కట్టే డబ్బు ఇక్కడ ఓపికకి కడతామన్నమాట.

మేస్త్రిగారికి అరవై దగ్గర పడుతున్నాయి. లారీలకి రంగులేస్తూ పెరిగిన చెయ్యి. క్యాబిన్ మీద నెమళ్లు, తామర పువ్వులు, వెనకాల ‘హారన్ ప్లీజ్’ రాసిన చెయ్యి. ‘లారీకైతే దూరం నుంచి అందంగా ఉంటే చాలండి. కారుకి దగ్గర నుంచి చూస్తారు. అదే తేడా’ అన్నారు.

విప్పి కొట్టాలా, కప్పి కొట్టాలా?

పాత కారుకి రంగేయిద్దాం అనుకునేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. లైట్లు, బంపర్లు, హ్యాండిళ్లు, అద్దాల రబ్బర్లు విప్పకుండా పేపరూ టేపూ అంటించి కొడితే ఒక రేటు. అన్నీ విప్పి కొడితే ఇంకో రేటు. మొదటిది మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఫొటోలో కూడా బాగుంటుంది. కానీ అంబాసిడర్‌లో తుప్పు దాక్కునేది రబ్బర్ల కిందే. ముందద్దం అంచుల్లో, డిక్కీ నేలలో, తలుపుల అడుగున, చక్రాల పైన వంపుల్లో. అక్కడ చూడకుండా కొట్టిన రంగు ఒక్క వానాకాలం దాటితే పొంగుతుంది.

విప్పే పని నేనూ మా తమ్ముడూ చేసుకుంటామని అడిగాం. ‘ఆయ్, చేసుకోండి. ప్రతి బోల్టూ డబ్బాలో ఏసి పేరు రాయండి’ అన్నారు. ప్రతి ముక్కనీ విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. బిగించేటప్పుడు ఆ ఫొటోలే మాకు మాన్యువల్. దీనివల్ల కూలీలో నాలుగు వేలు తగ్గింది.

ఇంకో చిట్కా. సెకండ్ హ్యాండ్‌లో పాత కారు కొనేటప్పుడు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి. ఎక్కడ అంటుకోకుండా జారిపోతుందో అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. మా కారు ఎడమ తలుపు కింద జానెడు మేర అయస్కాంతం అంటుకోలేదు. గీరితే మందపాటి పుట్టీ ఊడొచ్చింది, దాని వెనకాల వేలు దూరేంత కన్నం!

టింకరింగ్ చేసే అతను ఆ ముక్క కోసేసి, 20 గేజ్ రేకు కొలత ప్రకారం కత్తిరించి వెల్డింగ్ పెట్టాడు. అంబాసిడర్ రేకు మందంగా ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బకి నిలబడుతుంది. ఇలా నాలుగు చోట్ల అతుకులు పడ్డాయి. పుట్టీ అనేది రేకు సరిచేశాక మిగిలిన చిన్న ఎత్తుపల్లాలకే. రెండు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే సుత్తి పని తప్పించుకున్నారని అర్థం.

తెలుపు కింద ఏముంది?

పాత రంగు ఏ రకమో తెలియాలంటే దూదిని థిన్నర్‌లో ముంచి ఒక మూల రుద్దాలి. రంగు కరిగి దూదికి అంటితే అది ఎన్‌సీ పెయింట్, అంటే నైట్రో సెల్యులోజ్. అంటకపోతే గట్టిపడే రకం. మా దూది తెల్లగా అయ్యింది. ఎన్‌సీ మీద నేరుగా పీయూ రంగు కొడితే కింద పొర ఉడికినట్టు ముడతలు పడే ప్రమాదం ఉంది. అందుకే మొత్తం తీసేయాలన్నారు మేస్త్రిగారు.

గీరడం మొదలుపెట్టాక తమాషా బయటపడింది. పైన తెలుపు. దాని కింద ఇంకో తెలుపు, కాస్త పసుపు తిరిగింది. దాని కింద బూడిద కలిసిన లేత నీలం! మబ్బు పట్టినరోజు గోదారి ఉండే రంగు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కారు తెల్లదే. అంబాసిడర్ అంటేనే తెలుపు కదా. కలెక్టర్లు, మంత్రులు, ఎర్ర బుగ్గ... మన కళ్లలో ఆ బొమ్మే ఉండిపోయింది. నాన్నకి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అవున్రా, కొన్నప్పుడు నీలమే. మా పెళ్లికి అందులోనే వచ్చాం. తర్వాత అన్నయ్య తెలుపు కొట్టించాడు, ఆఫీసర్ కారులా ఉంటుందని’ అన్నాడు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. తెలుపే ఉండాలని నాన్న. నీలమే వేయించమని పెద్దమ్మ. తీర్పు చెప్పింది మాత్రం ఆర్‌సీ బుక్కు. అందులో రంగు దగ్గర ‘బ్లూ గ్రే’ అనే ఉంది. రంగు అనేది ఆర్‌సీలో నమోదయ్యే వివరం. మార్చుకుంటే ఆర్టీఏ ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. ప్రైవేటు కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తనిఖీలో కాగితం మీద ఒక రంగు, బండి మీద ఒక రంగు ఉంటే మళ్లీ తిరగాలి. నీలం వేస్తే ఆ గొడవే లేదు. నాన్న ఒప్పుకున్నాడు. మనస్ఫూర్తిగానా అంటే... చెప్పలేను.

ఇంకో లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బళ్లకే ఆ గుర్తింపు, వాటికి ‘వీఏ’ అక్షరాలతో వేరే నెంబర్ సిరీస్. మా కారుకి 2032లో యాభై నిండుతాయి. ఇప్పుడు సన్‌రూఫ్ కోయించి, స్టిక్కర్లేసి, మాట్ బ్లాక్ కొట్టించే కుర్రాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవి తగ్గేవే గానీ పెరిగేవి కావు.

కంప్యూటర్‌కి దొరకని నీలం

రంగు కలపడానికి రాజమండ్రి వెళ్లాం. డిక్కీ మూత లోపలివైపు ఎండ తగలని చోట పాత నీలం నిగనిగలాడుతూ ఉంది. దాన్ని కాంపౌండ్‌తో రుద్ది, మూత విప్పి ఆటోలో వేసుకుని పెయింట్ షాపుకి తీసుకెళ్లాం. మిషన్ స్కాన్ చేసి ఒక ఫార్ములా ఇచ్చింది. కలిపి అట్టముక్క మీద కొట్టి చూస్తే షాపు లైట్ కింద సరిపోయింది, ఎండలోకి తెస్తే పచ్చదనం తిరిగింది. మేస్త్రిగారు నల్ల రంగు ఒక చుక్క, ఎరుపు అరచుక్క వేయించారు. మూడోసారికి కుదిరింది. రంగుని ఎప్పుడూ ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడాలి. పూర్తిగా ఆరాకే చూడాలి, తడి మీద వేరేలా కనిపిస్తుంది.

డబ్బు మిగిలిన చోటు కూడా ఇదే. మెటాలిక్ రంగైతే బేస్ కోటు, దాని మీద క్లియర్ కోటు తప్పనిసరి. మెరుపు లేని సాదా రంగైతే ఒకే రకం పీయూతో పని జరిగిపోతుంది, క్లియర్ అక్కర్లేదు. ఆ కాలం కారుకి ఆ సాదా మెరుపే నప్పుతుంది కూడా. ఎన్‌సీ ఇంకా చవక, కానీ కొన్నేళ్లకే వెలిసిపోతుంది. అందుకే పీయూకి వెళ్లాం.

గోదారి గాలితో పేచీ

జొన్నాడలో రంగేయడం అంటే గాలితో బేరం ఆడటమే. పక్కనే నది, చుట్టూ పొలాలు, కొబ్బరితోటలు. తేమ ఎక్కువ. సాయంత్రం వెండిలా రుద్దిపెట్టిన రేకు తెల్లారేసరికి ఎర్రబడిపోతుంది. అందుకని ఎంత మేర గీరితే అంతమేర అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టేసేవారు. ‘మిగతాది రేపు’ అనే మాట ప్రైమర్ పడ్డాకే.

పుట్టీ విషయంలోనూ అంతే. చాలాచోట్ల పుట్టీని నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్దేస్తారు, దుమ్ము లేవదు, చెయ్యి తేలిగ్గా నడుస్తుంది. కానీ పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. ఆ తడి మీద ప్రైమర్ పడితే లోపలే ఉండిపోయి, తర్వాత పొక్కులై బయటికొస్తుంది. మేస్త్రిగారు పుట్టీని పొడిగానే రుద్దించారు. నీళ్ల రుద్దుడు ప్రైమర్ మీద మాత్రమే.

కంప్రెసర్ సంగతి ఇంకా విచిత్రం. తేమ గాలిని బిగించి నొక్కితే నీరు బయటికొస్తుంది. పొద్దున్నే ట్యాంకు అడుగున స్క్రూ విప్పితే గ్లాసెడు నీళ్లు కారేవి. ఆ నీళ్లు గన్‌లోకి వెళ్తే రంగు మీద చేపకళ్లలా గుంటలు పడతాయి. మీరు ఏ షెడ్డుకి వెళ్లినా కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ఫిల్టర్ ఉందా లేదా చూడండి. మేస్త్రి ఎంత పనిమంతుడో ఆ చిన్న గాజు గిన్నె చెప్పేస్తుంది.

వానాకాలంలో ఇక్కడ మంచి పని ఆశించొద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. మేం ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. అప్పుడు కూడా తెల్లవారుజామున మంచు, సాయంత్రం దీపం పురుగులు, మధ్యాహ్నం ఇసుక ట్రాక్టర్ల దుమ్ము. మిగిలింది పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు వరకు. ఆ రెండు గంటల్లోనే రంగు పడాలి!

మాస్కు గొడవ

రంగు కొట్టే ముందురోజు మేస్త్రిగారు దగ్గుతూ కనిపించారు. ముక్కుకి కట్టుకునేది తువ్వాలే. పీయూ రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. పిచికారీ చేసినప్పుడు అవి గాలిలోకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం ముంచుకొస్తుంది. తువ్వాలు గానీ, కరోనా నాటి మాస్కు గానీ దాన్ని ఆపలేవు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు అన్నిటికన్నా మేలు. అది లేనప్పుడు కనీసం కార్ట్రిడ్జ్‌లున్న రబ్బరు మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్ ఉండాలి.

నేను చెప్తే మేస్త్రిగారు నవ్వేశారు. ‘నలభై ఏళ్ల నుంచి కొడతన్నానండి. ఇప్పుడు మూతి కట్టుకుంటే గాలాడదు’ అన్నారు. హెల్పర్ కుర్రాడు మాత్రం నవ్వలేదు. పక్కకొచ్చి, ‘అన్నా, రాత్రిళ్లు ఆయనకి నిద్ర పట్టదు, కూర్చునే ఉంటాడు’ అని చెప్పాడు.

చవగ్గా అయ్యిందని నేను సంబరపడుతున్న లెక్కలో ఇది కూడా ఉందని అప్పుడు అర్థమైంది. సిటీ రేటులో బూత్ ఖర్చు ఉంటుంది, గాలి లాగేసే ఫ్యాన్ల ఖర్చు ఉంటుంది. ఇక్కడ ఆ డబ్బు మిగిలేది ఎవరి ఊపిరి మీద? రాజమండ్రి వెళ్లి రెండు మాస్కులు, అదనపు కార్ట్రిడ్జ్‌లు కొనుక్కొచ్చాను. 3,500 అయ్యింది. ‘ఇవి పెట్టుకుంటేనే రంగు డబ్బా మూత తీద్దాం మేస్త్రిగారూ, లేకపోతే ఎన్‌సీ కొట్టేయండి’ అన్నాను. ఆయన నా మొహం చూసి, మాస్కు చూసి, ‘సరే లెండి, ఫైటర్ పైలట్‌లా ఉంటాం’ అన్నారు.

రెండు గంటలు

రంగు పడేరోజు పొద్దున్నే నేల మీద నీళ్లు చల్లారు, దుమ్ము లేవకుండా. బండిని జిగురు గుడ్డతో తుడిచారు. మాస్కులు తగిలించుకున్నారు. మమ్మల్ని టార్పాలిన్ అవతలికి పంపేశారు. సందులోంచి చూస్తే మేస్త్రిగారి మణికట్టు అస్సలు వంగడం లేదు. భుజం నుంచి చెయ్యి మొత్తం కదులుతోంది, గన్ ఎప్పుడూ రేకుకి జానెడు దూరంలోనే. ఒక చార మీద సగం కప్పుతూ ఇంకో చార. పైకప్పు, బానెట్, తలుపులు, డిక్కీ. మూడు కోట్లు, కోటు కోటుకీ మధ్య పావుగంట. పదకొండుకి ముందే గన్ కడిగేశారు.

దుమ్ము పడలేదా అంటే పడింది. బానెట్ మీద పది పన్నెండు నలుసులు, కుడి ఫెండర్ మీద ఒకచోట రంగు జారింది. కొంచెం నారింజ తొక్కలా గరుకు కూడా ఉంది. నాలుగు రోజులు ఆరనిచ్చి 1500, ఆ తర్వాత 2000 నెంబరు పేపర్‌తో సబ్బు నీళ్లలో రుద్దారు. కాంపౌండ్ పెట్టి బఫింగ్ చేశారు. సాయంత్రం ఎండలో బానెట్ మీద కొబ్బరిచెట్టు నీడ కాదు, కొబ్బరిచెట్టే కనిపించింది.

మొత్తం 24 రోజులు. ఖర్చు ఇదీ:

టింకరింగ్, రేకు, వెల్డింగ్ – 18,000
రంగు, ప్రైమర్, పుట్టీ, పేపర్లు, థిన్నర్ – 27,500
పెయింటింగ్ కూలీ – 20,000
కొత్త రబ్బర్లు, బీడింగులు – 9,000
మాస్కులు – 3,500
అక్షరాలా 78,000.

రబ్బర్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. దొరకని అంబాసిడర్ సామాన్లకి కోల్‌కతా మల్లిక్ బజార్ వాళ్లని అడగమని అక్కడే చెప్పారు.

మీరూ వెళ్తారా?

జొన్నాడే రావాలని లేదు. హైవే మీద లారీలు ఆగే ప్రతి ఊళ్లోనూ ఇలాంటి చెయ్యి ఒకటుంటుంది. ముందు వాళ్లు రెండు మూడేళ్ల కిందట కొట్టిన బండి ఒకటి చూపించమనండి. నిన్న కొట్టింది ఏదైనా మెరుస్తుంది. ఏ రంగు, ఎన్ని కోట్లు, ఏం విప్పుతారు, ఏం విప్పరు అన్నీ కాగితం మీద రాయించుకోండి. రంగు డబ్బాలు మీరే కొనివ్వండి. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి: రేకు పనయ్యాక, ప్రైమర్ అయ్యాక, బఫింగ్ అయ్యాక. వీలైనప్పుడల్లా వెళ్లి చూడండి, టీ తాగండి. వారం రోజులు కడగొద్దు, నెల దాటేదాకా వ్యాక్స్ పెట్టొద్దు. మాస్కు ఖర్చు ఎస్టిమేట్‌లో మొదటి లైన్‌గా రాయించండి.

ఉగాదికి బండి ఇంటికొచ్చింది. పాత ఇనుము వాళ్లు మళ్లీ వస్తే పెద్దమ్మ గేటు దగ్గరే పంపేసింది. నాన్న మాత్రం వచ్చిన దగ్గర నుంచీ తలుపు తీసి, వేసి, దూరంగా నిలబడి చూసి, ‘తెలుపైతే ఇంకా బావుండేది’ అంటూనే ఉన్నాడు. అంటూనే అమ్మని ముందు సీట్లో ఎక్కించుకుని ర్యాలి గుడికి తీసుకెళ్లాడు.

మొన్న అటు వెళ్తూ షెడ్డు దగ్గర ఆగాను. లోపల ఒక ప్రీమియర్ పద్మిని ఉంది, బంపర్లు విప్పేసి. మేస్త్రిగారి గొంతు టార్పాలిన్ వెనక నుంచి వినిపించింది, మాస్కులోంచి కాబట్టి ముక్కుతో మాట్లాడినట్టు. ‘ఒరేయ్, నీదేది? పెట్టుకుని రా!’ అని కుర్రాడి మీద కేకలేస్తున్నారు.